నెమళ్ల జట్టు గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు: సెయింట్ పీటర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు, కోచ్‌లు, డబ్బు లెక్కలు

నేను ఉండేది జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ పక్కన. న్యూవార్క్ అవెన్యూ మీద మన కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు ఉన్న చోటు నుంచి కెనెడీ బులెవార్డ్ పట్టుకుని దక్షిణంగా వెళ్తే సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ వస్తుంది. అక్కడ ఎంఎస్ చదివే మన తెలుగు పిల్లలు చాలామంది. 2022 మార్చి తర్వాత నుంచి వాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు గురించి నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది.

సెయింట్ పీటర్స్ ఎంత చిన్నది?

1872లో జెసూట్ క్రైస్తవ గురువులు పెట్టిన కళాశాల ఇది. 2012 వరకూ పేరులో కాలేజీ అనే ఉండేది, అప్పుడే యూనివర్సిటీగా మారింది. 2022లో డిగ్రీ విద్యార్థులు సుమారు 2,300 మంది, దాతల మూలనిధి దాదాపు 3.7 కోట్ల డాలర్లు. అమెరికా లెక్కలో ఇది చాలా చిన్న నిధి. పెద్ద యూనివర్సిటీలకు వందల కోట్లలో ఉంటుంది.

ఇంత చిన్నదైనా ఆడేది మాత్రం డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై మెట్టు మీద. మ్యాక్ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటమిలో, మొదటి నుంచీ ఉంది. 2024 నుంచి ఆ కాన్ఫరెన్స్‌లో 13 విద్యాసంస్థలు ఉన్నాయి. ఐయోనా, సియెనా, ఫెయిర్‌ఫీల్డ్, రైడర్ లాంటివి. ఏదీ పెద్దది కాదు.

నెమలి పేరు ఎందుకు పెట్టుకున్నారు?

మన జాతీయ పక్షితో సంబంధం లేదు. జెర్సీ సిటీ ఉన్న నేల 1630ల్లో మిహీల్ పౌ అనే డచ్ వర్తకుడి చేతిలో ఉండేది. డచ్ భాషలో పౌ అంటే నెమలి. లాటిన్‌లో పావో. అందుకే ఆ ప్రాంతాన్ని పావోనియా అన్నారు. డివిజన్ వన్ మొత్తంలో నెమలి పేరున్న జట్టు ఇదొక్కటే.

2022లో అసలేం జరిగింది?

ఆటల సీజన్ చివర్లో, మార్చిలో, 68 జట్లతో జాతీయ టోర్నమెంట్ జరుగుతుంది. జట్లను నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కోదానిలో 1 నుంచి 16 దాకా ర్యాంకులు ఇస్తారు. ఆ ర్యాంకునే సీడ్ అంటారు. సెయింట్ పీటర్స్‌కి 15వ సీడ్ వచ్చింది. అప్పటికి వాళ్ల లెక్క 19 గెలుపులు, 11 ఓటములు. దానికి ముందు ఆ టోర్నమెంట్‌కు మూడుసార్లు వెళ్లారు, 1991, 1995, 2011లో. ఒక్క ఆట కూడా గెలవలేదు.

మార్చి 17న ఇండియానాపొలిస్‌లో రెండో సీడ్ కెంటకీని అదనపు సమయంలో 85-79తో ఓడించారు. డారిల్ బ్యాంక్స్ 27 పాయింట్లు, బెంచీ మీద నుంచి వచ్చిన డగ్ ఎడర్ట్ 20 పాయింట్లు చేశారు. రెండు రోజులకు ముర్రే స్టేట్ జట్టుని 70-60తో గెలిచారు. మార్చి 25న ఫిలడెల్ఫియాలో మూడో సీడ్ పర్డ్యూని 67-64తో గెలిచారు. 15వ సీడ్ ఒకటి చివరి ఎనిమిది జట్లలోకి చేరడం చరిత్రలో అదే మొదటిసారి. ఆ తర్వాత నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిపోయారు.

ఆ పది రోజులూ ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఆ స్కోర్లు నోటికి వచ్చు.

రోస్టర్ అంటే ఏమిటి? ఎంతమంది ఉంటారు, అందరికీ స్కాలర్‌షిప్ ఉంటుందా?

ఆ ఏడాదికి జట్టులో పేరున్న ఆటగాళ్ల జాబితాయే రోస్టర్. 2025 దాకా అందరికీ ఉన్న నిబంధన ప్రకారం పురుషుల జట్టుకు 13, మహిళల జట్టుకు 15 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి (తర్వాతి మార్పు కింద హౌస్ ఒప్పందం దగ్గర చెప్పాను). ఫీజు, వసతి, తిండి, పుస్తకాలు అన్నీ అందులోనే. వీళ్లు కాక, సొంత ఖర్చుతో చదువుకుంటూ జట్టులో ఉండేవాళ్లను వాక్ ఆన్ అంటారు. వాళ్లు ఆడేది తక్కువ. కానీ రోజూ ప్రాక్టీసులో ఎదుటి జట్టు వేషం కట్టి దెబ్బలు తినేది వాళ్లే. స్కోరు పట్టీలో కనిపించరు కాబట్టి వాళ్ల గురించి ఎవరూ అడగరు. నేనైతే ఆట చివర్లో ముందు వాళ్ల కోసమే చూస్తాను.

2022 జట్టు ఆటగాళ్లు ఇప్పుడు ఎక్కడ?

నన్ను అందరూ అడిగేది ఇదే. చెప్పడానికి నాకు కష్టంగా ఉండేదీ ఇదే.

పర్డ్యూని గెలిచిన వారం తిరక్కముందే కోచ్ షహీన్ హాలొవే సీటన్ హాల్ అనే యూనివర్సిటీకి వెళ్లిపోయారు. కొన్ని వారాల్లో ఆటగాళ్లు కూడా. ఎడర్ట్ బ్రయంట్‌కు, బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కు, మాలీ దేశం నుంచి వచ్చిన కవలలు హసన్, ఫుసేని డ్రామే ఇద్దరూ లా సాల్‌కు, మాథ్యూ లీ మిస్సోరీ స్టేట్‌కు, క్లారెన్స్ రూపర్ట్ సదరన్ ఇల్లినాయ్‌కు వెళ్లారు. ఎదుటివాళ్ల షాట్లను కొట్టి పడేసిన కేసీ ఎన్‌డెఫో కోచ్ వెనకే సీటన్ హాల్‌కు వెళ్లాడు. మ్యాక్‌లో మూడేళ్లు వరసగా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే. జేలెన్ ముర్రే ఇంకో ఏడాది ఆడి ఓల్ మిస్‌కు మారాడు.

మనవైపు నారుమడి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. విత్తనం ఏరుకునేదీ, నీళ్లు పెట్టేదీ, పిట్టల్ని తోలేదీ ఒక మడిలో. మొక్క కాస్త నిలదొక్కుకోగానే పీకి వేరే పొలంలో నాటుతారు. పంట ఆ పొలం పేరు మీదే లెక్క. చిన్న యూనివర్సిటీల బాస్కెట్‌బాల్ ఇప్పుడు దేశం మొత్తానికి నారుమడి.

వాళ్లు అలా వెళ్లిపోవడం తప్పు కాదా?

కాదు. కోచ్ ఎక్కువ జీతానికి మారితే ఎదుగుదల అంటాం. 21 ఏళ్ల కుర్రాడు మారితే నమ్మకద్రోహం అనడం న్యాయం కాదు. నాలుగేళ్లకు మించి దొరకని అవకాశం అతనిది.

ఇంతకుముందు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారితే ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. ఆటగాడు అందులో పేరు నమోదు చేస్తే ఏ కోచ్ అయినా పిలవచ్చు. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. 2021 జులై 1 నుంచే ఆటగాళ్లు తమ పేరు, రూపం, గుర్తింపు వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. దీన్ని ఎన్ఐఎల్ అంటారు. కెంటకీని గెలిచిన కొద్ది రోజులకే ఎడర్ట్ బఫెలో వైల్డ్ వింగ్స్ అనే హోటళ్ల సంస్థతో ప్రకటన ఒప్పందం చేసుకున్నాడు. ఈ రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవడంతో చిన్న యూనివర్సిటీల రోస్టర్ ఏటా మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిన ఇల్లయింది.

మరి ఏటా కొత్తవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు?

పెద్ద జట్లు దాటేసి వెళ్లినవాళ్లను ఏరుకుంటారు. రెండంగుళాలు పొట్టి అనో, బక్కగా ఉన్నాడనో, గాయం నుంచి ఇప్పుడే కోలుకున్నాడనో వదిలేసినవాళ్లు. న్యూజెర్సీ, న్యూయార్క్ హైస్కూళ్ల పిల్లలు. రెండేళ్ల జూనియర్ కాలేజీల్లో ఆడి డిగ్రీ పూర్తి చేయడానికి వచ్చేవాళ్లు. ఆఫ్రికా, యూరప్ నుంచి వచ్చేవాళ్లు. పెద్ద యూనివర్సిటీలో బెంచీ మీద మగ్గిపోయి, ఆడితే చాలు అనుకుని పోర్టల్ ద్వారా కిందికి దిగేవాళ్లు.

వీళ్లందరికీ పనికొచ్చే ఆట ఒక్కటే, డిఫెన్స్. మూడు పాయింట్ల షాట్ గొప్పగా వేసేవాణ్ని పెద్దవాళ్లు ముందే ఎత్తుకుపోతారు. మోకాళ్లు వంచి, చేతులు చాచి, ముప్పై సెకన్లు ఎదుటివాడిని ఊపిరి పీల్చుకోనివ్వకపోవడం మాత్రం ఎవరికైనా నేర్పవచ్చు. హాలొవే నేర్పింది అదే.

కోచ్‌కు జీతం ఎంత?

2022లో పత్రికలన్నీ పక్కపక్కన పెట్టి చూపిన అంకెలు ఇవి. హాలొవే మూలవేతనం సుమారు 2.66 లక్షల డాలర్లు. కెంటకీ కోచ్ జాన్ కాలిపారి అందుకునేది 80 లక్షల పైనే. ముప్పై రెట్లు.

సెయింట్ పీటర్స్ ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థ. కాబట్టి ఎక్కువ జీతం తీసుకునేవాళ్ల వివరాలు ఏటా ఫారం 990 అనే పన్ను పత్రంలో చూపాలి. అది ఎవరైనా చదవచ్చు. ప్రొపబ్లికా అనే వార్తా సంస్థ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒకటే జాగ్రత్త: ఆ అంకెలు రెండేళ్లు పాతవి అయ్యుంటాయి.

ప్రధాన కోచ్ ఒక్కడే కాదు. 2023 జులై నుంచి సహాయ కోచ్‌లను మూడు నుంచి ఐదుకు పెంచుకోనిచ్చారు. నిబంధన ఒప్పుకుంది కానీ జీతం ఎవరిస్తారు? చిన్నచోట్ల ఒక్కో సహాయకుడు వీడియోలు చూడటం, బస్సు మాట్లాడటం, పిల్లల హాజరు కనుక్కోవడం, అన్నీ చేస్తాడు.

కోచ్ మధ్యలో వెళ్లిపోతే యూనివర్సిటీకి నష్టపరిహారం వస్తుందా?

మామూలుగా వస్తుంది. గడువు మిగిలి ఉండగా తీసుకెళ్లే యూనివర్సిటీ ఎంత కట్టాలో కాంట్రాక్టులోనే రాసుకుంటారు. చిన్న యూనివర్సిటీకి కొత్త కోచ్‌ను తెచ్చుకోవడానికి అది కాస్త ఊతం.

హాలొవే తర్వాత జట్టు ఏమైంది?

హాలొవే 2018లో వచ్చినప్పుడు మొదటి ఏడాది 10 గెలుపులు, 22 ఓటములు. నాలుగో ఏడాదికి చివరి ఎనిమిదిలో నిలిపారు. సీటన్ హాల్ ఆయన చదువుకుని ఆడిన చోటు. ఇక్కడికి రాకముందు అక్కడే సహాయ కోచ్‌గా కూడా చేశారు. సొంత గూటికి పిలిస్తే వెళ్లారు.

ఆయన స్థానంలో బషీర్ మేసన్ వచ్చారు. జెర్సీ సిటీలోనే పుట్టినవాడు. 2012లో వాగ్నర్ కాలేజీకి ప్రధాన కోచ్ అయినప్పుడు వయసు 28, అప్పటికి డివిజన్ వన్ మొత్తంలో అందరికంటే చిన్నవాడు. సెయింట్ పీటర్స్‌లో ఆయన చేతికి అందింది దాదాపు ఖాళీ రోస్టర్. రెండో ఏడాదికే, 2024 మార్చిలో, అట్లాంటిక్ సిటీలో జరిగిన మ్యాక్ ఫైనల్లో ఫెయిర్‌ఫీల్డ్‌ను 68-63తో గెలిచి జట్టును మళ్లీ జాతీయ టోర్నమెంట్‌కు తీసుకెళ్లారు. అక్కడ టెనెసీ 83-49తో ఓడించింది. ఆ ఓటమి చూసి చాలామంది పెదవి విరిచారు. నా దృష్టిలో 2022 కంటే ఇదేమీ చిన్న పని కాదు. ఉన్న మొక్కలన్నీ పీక్కుపోయిన మడిలో రెండేళ్లకే మళ్లీ మొలక చూపించాడు.

ఏడాది ఖర్చు ఎంత? డబ్బు ఎక్కడిది?

2022 నాటి లెక్కల్లో సెయింట్ పీటర్స్ పురుషుల జట్టు ఖర్చు సుమారు 16 లక్షల డాలర్లు. కెంటకీది కోటీ 80 లక్షల పైన.

రాబడి దారులు కొన్ని ఉన్నాయి. టికెట్లు, దాతలు, స్థానిక ప్రకటనలు, ఇవన్నీ కలిపినా కొంచెమే. నవంబరు, డిసెంబరులో పెద్ద యూనివర్సిటీలు చిన్నవాళ్లను తమ కోర్టుకు పిలిచి ఆడించి డబ్బిస్తాయి. గ్యారంటీ ఆట అంటారు. ఒక్కో ఆటకు 80 వేల నుంచి లక్ష డాలర్ల దాకా పలుకుతుంది. పెద్దవాళ్లకు సులువైన గెలుపు, చిన్నవాళ్లకు బస్సు కిరాయి, హోటల్ ఖర్చు. ఓడిపోవడానికి కూలి ఇస్తున్నారని కొందరు అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఆ ఆటలన్నీ ఆడి మొండికేసిన జట్టే కెంటకీ ముందు బెదరకుండా నిలబడింది.

మిగతాది, అంటే సింహభాగం, యూనివర్సిటీయే భరిస్తుంది. ఇలాంటి చిన్న ప్రైవేటు యూనివర్సిటీలు నడిచేది ప్రధానంగా విద్యార్థుల ఫీజుల మీద. నల్లగొండ నుంచో, గుంటూరు నుంచో వచ్చి ఎంఎస్ ఫీజు కట్టే పిల్లవాడి డబ్బు కూడా ఆ ఖజానాలో కలిసేదే. అందుకే అంటాను, ఈ లెక్కలు అడిగే హక్కు మనవాళ్లకు పూర్తిగా ఉంది.

2022 గెలుపులతో కోట్లు వచ్చాయి కదా?

వచ్చాయి, కానీ నేరుగా సెయింట్ పీటర్స్‌కు కాదు.

పురుషుల టోర్నమెంట్ ప్రసార హక్కులకు టీవీ సంస్థలు ఏటా దాదాపు 110 కోట్ల డాలర్లు కడతాయి. అందులో ఒక భాగాన్ని కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ యూనిట్లు అనే వాటాలుగా పంచుతుంది. ఫైనల్ తప్ప ఆడిన ప్రతి ఆటకూ ఒక యూనిట్. గెలిచినా ఓడినా ఆడితే చాలు. 2022 ప్రాంతంలో ఒక యూనిట్ విలువ ఏడాదికి సుమారు 3.4 లక్షల డాలర్లు, ఆరేళ్లపాటు. మొత్తం 20 లక్షలు. సెయింట్ పీటర్స్ నాలుగు ఆటలు ఆడింది కాబట్టి ఆరేళ్లలో దాదాపు 80 లక్షలు.

ఆ డబ్బు వెళ్లేది కాన్ఫరెన్స్‌కు. కాన్ఫరెన్స్ తన నిబంధనల ప్రకారం సభ్యులకు పంచుతుంది. మ్యాక్‌లో అప్పుడు 11 మంది సభ్యులు. మ్యాక్‌లో ఎవరు గెలిచినా దాని విజేతగా జాతీయ టోర్నమెంట్‌కు వెళ్లినందుకు మొదటి యూనిట్ ఎలాగూ వచ్చేదే. కాబట్టి ఆ కుర్రాళ్లు అదనంగా తెచ్చింది మూడు యూనిట్లు, 60 లక్షలు. ఆ మూడింటినీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి లక్ష కూడా దాటదు. దేశమంతా మోగిన గెలుపుకి చేతిలో పడేది ఒక గ్యారంటీ ఆట కూలి అంత. లెక్క వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అంతిమంగా లాభమా, నష్టమా?

క్రీడల్లో స్త్రీపురుష సమానత్వం కోసం ప్రతి యూనివర్సిటీ జట్ల వారీగా రాబడి, ఖర్చు విద్యాశాఖకు చెప్పాలి. అది చూసి చాలామంది చిన్న యూనివర్సిటీల్లో రాబడి, ఖర్చు సరిగ్గా సమానమని సంబరపడతారు. యూనివర్సిటీ తన జేబులోంచి ఇచ్చే డబ్బును కూడా అందులో రాబడిగానే రాస్తారు. సమానంగా రాక ఎలా ఉంటుంది?

రెండో మెలిక స్కాలర్‌షిప్. ఆటగాడి ఫీజును ఆటల విభాగం ఖర్చుగా రాస్తారు. కానీ తరగతిలో ముప్పై మంది ఉన్న చోట ముప్పై ఒకటో కుర్రాడు కూర్చుంటే యూనివర్సిటీకి నిజంగా అయ్యే ఖర్చు ఆ ఫీజంత ఉండదు. కాబట్టి కాగితం మీద కనిపించే ఖర్చు నిజం కంటే ఎక్కువ, రాబడి కూడా నిజం కంటే ఎక్కువ. అసలు ప్రశ్న వేరు: యూనివర్సిటీ తన నిధి నుంచి నికరంగా ఎంత ఇస్తోంది, దానికి బదులు ఏం పొందుతోంది? పేరు, దరఖాస్తులు, పూర్వ విద్యార్థుల చందాలు, ఊరితో బంధం. వీటికి పక్కా వెల కట్టడం ఎవరి తరమూ కాదు.

మహిళల జట్టు సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నిజానికి సెయింట్ పీటర్స్‌లో ఎక్కువకాలం నిలకడగా గెలిచింది మహిళల జట్టే. మైక్ గ్రనెల్లి ఒక్కరే 32 ఏళ్లు, 2004 వరకూ కోచ్‌గా ఉన్నారు. మ్యాక్ తొలి దశాబ్దాల్లో ఈ జట్టు పదేపదే ట్రోఫీ ఎత్తింది. ఒకే చోట 32 ఏళ్లు! ఇప్పటి కోచ్‌ల రాకపోకలు చూస్తే అది వేరే యుగమనిపిస్తుంది.

1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకు ఆడే అవకాశాలు, స్కాలర్‌షిప్‌లు వాళ్ల సంఖ్యకు తగినట్టు ఇవ్వాలి. అయినా మహిళల టోర్నమెంట్‌లో గెలిస్తే 2024 వరకూ కాన్ఫరెన్స్‌కు పైసా రాలేదు. 2025లోనే వాళ్లకూ యూనిట్లు మొదలయ్యాయి. మొదటి ఏడాది మొత్తం నిధి 1.5 కోట్ల డాలర్లు, మూడో ఏడాదికి 2.5 కోట్లు. చాలా ఆలస్యంగా వచ్చిన న్యాయం. వచ్చినందుకు మాత్రం సంతోషంగా ఉంది.

హౌస్ ఒప్పందం వల్ల చిన్నవాళ్లకు ఏం మారింది?

ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందం ఇది. పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి 2.05 కోట్ల దాకా. అలా చేరినవాళ్లకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి, బాస్కెట్‌బాల్‌కు 15 మంది రోస్టర్ పరిమితి వచ్చింది.

16 లక్షలతో జట్టు నడిపేవాళ్లకు 2 కోట్ల పరిమితి ఆకాశంలో చుక్క. పైగా ఆ పరిహారంలో కొంత భాగాన్ని ఎన్‌సీఏఏ పంపిణీల్లోంచి కోస్తున్నారు. ఆ కోత అన్ని కాన్ఫరెన్సులకూ తగులుతుంది. తప్పు పెద్దవాళ్లది, జరిమానాలో వాటా చిన్నవాళ్లకు. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

నేను ఎఫ్1 వీసా మీద ఉన్నాను. విదేశీ ఆటగాళ్లు ఎన్ఐఎల్ డబ్బు తీసుకోవచ్చా?

మీకున్న కట్టుబాట్లే వాళ్లకూ ఉన్నాయి. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బయట పనికి అనుమతి తప్పనిసరి. అమెరికా గడ్డ మీద ప్రకటనలో నటిస్తే అది పని కిందకు వచ్చి వీసాకే ముప్పు కావచ్చు. సెయింట్ పీటర్స్ మీద 30 పాయింట్లు చేసిన కెంటకీ ఆటగాడు ఆస్కార్ ష్వీబ్వే కాంగో దేశస్థుడు, ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ ఆటగాడు. అతను 2022 ఆగస్టులో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు అక్కడ ఎన్ఐఎల్ పనులు చేసుకున్నాడు. చిన్న యూనివర్సిటీలో చదివే మాలీ కుర్రాడికి బహమాస్ యాత్ర ఎక్కడిది? మీరు మాత్రం ఏ అడుగైనా మీ డీఎస్‌ఓని, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడిగాకే వేయండి.

మన పిల్లలు ఈ స్థాయిలో ఆడగలరా?

భారతీయులు ఆడారు. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ ఆరిజోనాలో డివిజన్ వన్ ఆడింది. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ కాలేజీలో ఆడకుండానే 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేడుకలో, 52వ స్థానంలో ఎంపికయ్యాడు. అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే, తొమ్మిదో తరగతి నుంచే మార్కులు, సబ్జెక్టులు ఎన్‌సీఏఏ అర్హతకు సరిపోయేలా చూసుకోండి. ఆట ఉండి కాగితాలు లేక ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

ఆట ఎక్కడ చూడాలి?

క్యాంపస్‌లోనే, రన్ బేబీ రన్ అరీనాలో. యానిటెల్లి సెంటర్ అనే పాత భవనంలో ఉంది, సుమారు 3,200 మంది పడతారు. రన్ బేబీ రన్ అన్నది 1968 జట్టు పేరు. డాన్ కెనెడీ కోచ్‌గా, ఎన్ఐటీ అనే మరో జాతీయ టోర్నమెంట్‌లో డ్యూక్ యూనివర్సిటీని 100-71తో చిత్తు చేసిన జట్టు. 2004లో, 2005లో దేశం మొత్తంలో సగటున ఎక్కువ పాయింట్లు చేసిన కీడ్రెన్ క్లార్క్ ఆడింది కూడా ఈ కోర్టులోనే. నాలుగేళ్లూ ఇక్కడే ఉండి 3,058 పాయింట్లు చేశాడు.

చలికాలంలో మామూలు రాత్రి ఆటకైతే సీటు దొరకడం కష్టం కాదు. ఐడీ కార్డు తీసుకుని అరగంట ముందు రండి, కోర్టుకు దగ్గరగా కూర్చోండి. అక్కడి నుంచి బూట్లు నేల మీద కీచుమనడం, కోచ్ ఎవరి పేరు పెట్టి అరుస్తున్నాడో, అన్నీ వినిపిస్తాయి. మహిళల ఆట కూడా అదే రోజు ఉంటే రెండూ చూసి వెళ్లండి.